క్లాసులో నోరు విప్పని పిల్లకి ధైర్యం ఎలా వస్తుంది? బడి నుంచి వారం వారం వచ్చే విశేషాలు ఇందుకు పనికొస్తాయా?

మీ పాప రెండో తరగతి అన్నారు. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది, బడిలో పెదవి విప్పదు. ప్రతి శనివారం వాట్సాప్‌లో వచ్చే 'ఈ వారం బడి విశేషాలు'లో వేరే పిల్లల పేర్లే కనిపిస్తుంటే మనసు చివుక్కుమంటోంది అని రాశారు. నేనూ మా బడికి అలాంటి విశేషాలు రాసే మనిషినే. నల్గొండ జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. అయిదు తరగతులకు ఇద్దరం.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. మొదట్లో విశేషాల చివర 'ఈ వారం ధైర్యవంతులు' అని పేర్లు వేసేవాణ్ని. ఎప్పుడు చూసినా అదే నలుగురి పేర్లు. మార్పు కోసం ఒకసారి, "ఎన్నడూ మాట్లాడని ఫలానా పాప ఈ రోజు వేమన పద్యం చెప్పింది" అని పేరు పెట్టి రాశాను. మెచ్చుకున్నాననే అనుకున్నాను. ఆదివారం వాళ్లింటికి చుట్టాలొస్తే ఆ పిల్లని మధ్యలో నిలబెట్టి "ఏదీ, మాకూ చెప్పు" అన్నారట. సోమవారం పాప బడికి రాలేదు. నానమ్మ వచ్చింది. "సారూ, మీరు ఫోన్ల రాసిన్రు, పిల్ల మూలకు పోయి కూసున్నది" అంది. ఆ రోజుతో పేర్లు రాయడం మానేశాను.

ఇప్పుడు జరిగినవాటికంటే జరగబోయేవే ఎక్కువ రాస్తాను. ఏం జరుగుతుందో తెలియకపోవడమే పిల్లల భయంలో సగం. పదేళ్లు నిండినవాళ్లకు వేసే టీడీ టీకానే తీసుకోండి, ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా వేసేది. ఒకప్పుడు చెప్పకుండా వేయించేవాళ్లం, నర్సమ్మ బ్యాగు కనబడగానే అయిదో తరగతిలో సగం మంది గోడ దూకేవాళ్లు. ఈసారి శనివారమే రాశాను: "బుధవారం సూది. జబ్బకు వేస్తారు. కొంచెం నొప్పి ఉంటుంది, ఒకటి రెండు రోజులు చెయ్యి సలుపుతుంది. ఏమీ నొప్పి ఉండదని మాత్రం పిల్లలకి చెప్పకండి." చదవలేని నానమ్మల కోసం అదే వాయిస్ మెసేజ్‌గా కూడా పెట్టాను. మా ఊళ్లో చాలామంది పిల్లల అమ్మానాన్నలు హైదరాబాద్‌లో పనికి ఉంటారు, ఇక్కడ ఫోన్ ముసలమ్మల చేతుల్లోనే.

బుధవారం ఒకడు బల్ల మీద కూర్చుని "ఎంతసేపు?" అని అడిగాడు. నర్సమ్మ పది లెక్కపెట్టమంది. నాలుగు దగ్గరే సూది అయిపోయింది. వాడు బుగ్గల మీద నీళ్లు కారుతుండగా పది దాకా లెక్కపెట్టే లేచాడు. ఎవరూ గోడ దూకలేదు. (ఒకరిద్దరు కడుపునొప్పని బడికే రాలేదు, అది వేరే సంగతి.)

మాట్లాడటం అయినా అంతే. ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పించే వంతు మా బడిలో అందరికీ వస్తుంది. ఆ ప్రతిజ్ఞ రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారిది మా జిల్లాలోని అన్నెపర్తే. 1962లో విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉండగా రాశారు. ఈ ముక్క చెబితే మా పిల్లలు ఒక అంగుళం పెరుగుతారు. బెరుకు పిల్లని నేరుగా ముందుకు తోయను. మొదటి వారం చెప్పించే పిల్ల పక్కన ఊరికే నిలబడుతుంది. తర్వాత ఇద్దరూ కలిసి చెబుతారు. ఆ తర్వాత ఒక్క వాక్యం తను ఒక్కతే. కొందరికి నెల పడుతుంది, కొందరికి ఏడాది.

మీరు ఇంట్లో చేయగలిగింది ఏమిటంటే, టీచర్‌ని అడిగి వచ్చే వారం వంతు ఎవరిదో ముందే తెలుసుకోండి. ఇంట్లో మీరే ప్రతిజ్ఞ చెబుతూ కావాలనే తప్పు చెప్పండి, పాప దిద్దుతుంది. సాయంత్రం రాగానే "ఈ రోజైనా మాట్లాడావా?" అని మాత్రం అడగొద్దు, అదొక పరీక్ష. "ఇవాళ ప్రతిజ్ఞ ఎవరు చెప్పించారు? మధ్యలో మర్చిపోయారా?" అనండి, కబుర్లు వాటంతటవే వస్తాయి. చుట్టాల ముందు చెప్పించకండి, దయచేసి.

ఇంకొకటి. కొత్త బడిలో మొదటి నెల బెరుకు మామూలే. అది దాటాక కూడా బడిలో ఒక్క మాటా రాకపోతే, నీళ్లు కావాలని, బాత్రూంకి వెళ్లాలని కూడా అడగలేకపోతే, పిల్లల డాక్టర్‌కో సైకాలజిస్ట్‌కో చూపించండి. సెలెక్టివ్ మ్యూటిజం అనే సమస్య ఉంది, ఇంట్లో మాట్లాడే పిల్లలు బడిలాంటి చోట్ల భయంతో మాట్లాడలేకపోవడం. అది మొండితనం కాదు, చికిత్సతో తగ్గుతుంది.

ఆ పద్యం పాప ఇప్పుడు నాలుగో తరగతి. మొన్న ప్రార్థనలో నేనే ప్రతిజ్ఞ చెప్పిస్తూ ఏదో ధ్యాసలో ఒక మాట వదిలేశాను. రెండో వరసలోంచి గట్టిగా "సార్, పెద్దలందరినీ మర్చిపోయిన్రు!" అని వినపడింది. బడంతా నవ్వింది, నేనూ నవ్వాను, మళ్లీ మొదట్నుంచీ చెప్పించాను. ఆ వారం విశేషాల్లో దాని గురించి ఒక్క ముక్క రాయలేదు.