దిగులుకు ఏం తినాలో చెబుతాను, ముందు ఆ చిన్న మాత్ర సంగతి చూడాలి

ప్రశ్న: మాది గుంటూరు, కొరిటెపాడు. వయసు 43. ఆరేళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్యాసుకు రోజూ పరగడుపున పాంటోప్రజోల్ వాడుతున్నాను. మేము శాకాహారులం, గుడ్డు కూడా తినము. ఏడాదిగా ఊరికే దిగులు, గుండెదడ, ఏ పనీ చేయబుద్ధి కాదు. అరికాళ్లలో తిమ్మిర్లు కూడా ఉన్నాయి. మందుల షాపు అతను ఇచ్చిన చిన్న మాత్ర ఏడు నెలలుగా వేసుకుంటున్నాను, దానితో నిద్ర పడుతోంది. అరటిపండు, డార్క్ చాక్లెట్, బాదం తింటే మెదడులో సెరటోనిన్ పెరిగి డిప్రెషన్ తగ్గుతుందని వీడియోల్లో చెబుతున్నారు. మందులు లేకుండా ఆహారంతోనే తగ్గించుకోవచ్చా?

జవాబు: అమ్మా, మీరు అడిగింది ఆహారం గురించి. దానికి తప్పకుండా జవాబు చెబుతాను. అయితే మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన ఆ చిన్న మాత్ర నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. అది ఏ మందో చూడకుండా నేను చెప్పలేను కానీ, మన ప్రాంతంలో నిద్రకని చీటీ లేకుండా చేతిలో పెట్టే మాత్రల్లో ఆల్ప్రజోలమ్ తరచుగా కనిపిస్తుంది. ఇది అమ్మకంపై గట్టి ఆంక్షలున్న మందుల జాబితా, అంటే హెచ్-1 షెడ్యూలులో ఉన్న మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు షాపులో రిజిస్టరులో రాసి ఉంచాలి. ఈ మధ్యే ఒక పెద్దావిడ కొంగు ముడి విప్పి, స్ట్రిప్పు నుంచి కత్తిరించిన నాలుగు మాత్రల ముక్కను నా టేబుల్ మీద పెట్టారు. దాని మీద మందు పేరులో చివరి రెండక్షరాలే మిగిలాయి, గడువు తేదీ అసలే లేదు. రెండేళ్లుగా తాను ఏం మింగుతున్నారో ఆవిడకూ తెలియదు, ఇంట్లోవారికీ తెలియదు.

ఈ రకం మాత్రలు కొన్ని వారాలు రోజూ వేసుకుంటే శరీరం వాటికి అలవాటు పడుతుంది. అప్పుడు మాత్ర ప్రభావం తగ్గే వేళకు దడ, చెమట, భయం పైకి వస్తాయి. వాటిని జబ్బు ముదిరిందని అనుకొని మనిషి ఇంకో అర మాత్ర వేసుకుంటాడు. మీ గుండెదడలో కొంత భాగం ఇదే అయి ఉండవచ్చు, కాకపోనూ వచ్చు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను: ఇది చదివి భయపడి ఈ రాత్రికే మాత్ర ఆపేయకండి. నెలల తరబడి వాడి హఠాత్తుగా మానేస్తే నిద్ర పూర్తిగా పోవడమే కాక, కొందరికి మూర్ఛ కూడా రావచ్చు. దీన్ని డాక్టరు పర్యవేక్షణలో వారాలు, అవసరమైతే నెలలు తీసుకుని మెల్లగా తగ్గించాలి. ఏడు నెలలు ఎవరికీ చూపించుకోకుండా నెట్టుకొచ్చారు, ఇక ఆలస్యం చేయవద్దు.

ఇక మీ ఉత్తరంలో నాకు కనిపించిన రెండో విషయం విటమిన్ బి-12. మీరు రాసిన వివరాలన్నీ అటువైపే చూపిస్తున్నాయి. ఆహారంలోని బి-12 విడివడటానికి కడుపులో ఆమ్లం కావాలి, పాంటోప్రజోల్ ఆ ఆమ్లాన్నే తగ్గిస్తుంది. విడివడిన దాన్ని చిన్నపేగు చివరి భాగం పీల్చుకోవాలి, మెట్‌ఫార్మిన్ అక్కడ అడ్డుపడుతుంది. పైగా మాంసం, చేపలు, గుడ్లు తినని వారికి ఈ విటమిన్ దొరికేది పాలు, పెరుగుల నుంచే. మునగాకులో, గోంగూరలో ఎన్ని మంచి గుణాలున్నా బి-12 మాత్రం ఉండదు. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోపం వెంటనే బయటపడదు, మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టిన కొన్నేళ్లకు నెమ్మదిగా తెలుస్తుంది. తిమ్మిర్లు, మతిమరుపు, చిరాకు, దిగులు దాని లక్షణాలే. షుగరు ఉన్నవారిలో తిమ్మిర్లు కనిపించగానే అవి షుగరువేనని తేల్చేసి ఈ పరీక్ష వదిలేయడం నేను తరచూ చూస్తున్నాను.

రక్తంలో బి-12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కన్నా తక్కువ ఉంటే సాధారణంగా లోపమనే భావిస్తాం. 200 నుంచి 300 మధ్య ఉంటే లక్షణాలను బట్టి ఆలోచించాలి. దయచేసి పరీక్షకు ముందు బీ-కాంప్లెక్స్ మాత్రలు కొనుక్కుని మింగకండి, అంకె పైకి కనిపించి అసలు లోపం దాగిపోతుంది. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తూనే లోపల నరాలు దెబ్బతినవచ్చు. దీనితోపాటు హిమోగ్లోబిన్, థైరాయిడ్ టీఎస్‌హెచ్, మూడు నెలల షుగరు సగటు కూడా చేయించండి. థైరాయిడ్ తగ్గినా అచ్చం ఇలాంటి నిరాసక్తతే ఉంటుంది. మెట్‌ఫార్మిన్ మీరై మీరు మానకండి, పాంటోప్రజోల్ ఇంకా అవసరమా అన్నది మాత్రం మీ డాక్టరును అడగండి.

ఇప్పుడు మీ ప్రశ్న. అరటిపండులో సెరటోనిన్ ఉన్న మాట నిజం. కానీ తిన్న సెరటోనిన్ రక్తం నుంచి మెదడులోకి దాటలేదు, కాబట్టి ఆ వీడియోల లెక్క కుదరదు. అలాగని ఆహారానికీ మనసుకూ సంబంధం లేదనడం కూడా తప్పే. ఆస్ట్రేలియాలో చేసి 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కుంగుబాటుతో బాధపడుతున్న 67 మందిలో కొందరికి పోషకాహార నిపుణుల సలహాతో తిండి మార్చారు, మిగిలిన వారికి కూర్చుని మాట్లాడే తోడు మాత్రమే ఇచ్చారు. 12 వారాలకు తిండి మార్చిన వారిలో 32 శాతం మంది కోలుకోగా, రెండో వర్గంలో 8 శాతం మంది కోలుకున్నారు. వారిలో చాలామంది అప్పటికే మందులో, కౌన్సెలింగో తీసుకుంటున్నారన్న సంగతి వీడియోల్లో చెప్పరు. అది చిన్న అధ్యయనమని కూడా గుర్తుంచుకోవాలి. 2019లో ఐరోపాలో వెయ్యి మందికి పైగా చేసిన మరో అధ్యయనంలో, ఒమేగా-3, విటమిన్ డి, ఫోలిక్ యాసిడ్, సెలీనియం ఉన్న మాత్రలు ఏడాది పాటు ఇచ్చినా కుంగుబాటును నివారించలేకపోయాయి. లోపం ఉన్నవారికి మాత్ర పనిచేస్తుంది, లోపం లేనివారు డబ్బాలకు డబ్బాలు కొనుక్కోవడంలో ప్రయోజనం నాకు కనిపించదు. అశ్వగంధ పొడి కూడా థైరాయిడ్, నిద్రమాత్రలు వాడేవారు అడగకుండా మొదలుపెట్టకూడదు.

ఆస్ట్రేలియా వారు పెట్టిన తిండిలో ముఖ్యమైనవి ముడిధాన్యాలు, పప్పులు, కూరగాయలు, పండ్లు, గింజలు, చేపలు. చేపలు తప్ప మిగిలినవన్నీ మన వంటింట్లోనే ఉన్నాయి. కానీ మన ఆడవాళ్లు తినే తీరు వేరు. అందరికీ వడ్డించి, మధ్యాహ్నం మూడింటికి గిన్నెలో పప్పు అడుగంటాక, చల్లారిన అన్నంలో ఇంత పచ్చడి కలుపుకుని నాలుగు ముద్దలు తిని లేస్తారు. ఆ పూట కడుపు నిండుతుంది కానీ మాంసకృత్తులు పెద్దగా అందవు. మీ పళ్లెంలో పప్పు ముందుగా తీసి పెట్టుకోండి. కందిపప్పు, పెసలు, అలసందలు, శనగలు మార్చి మార్చి రోజుకు రెండుసార్లు, ఒక ఆకుకూర, పలుచటి మజ్జిగకు బదులు గట్టి పెరుగు, సాయంత్రం బజ్జీల స్థానంలో గుప్పెడు వేరుశనగలు ఉంటే చాలు. మీకు షుగరు ఉంది కాబట్టి చాక్లెట్ మందని అనుకోకండి.

కాఫీ ఎన్నిసార్లు తాగుతారో మీరు రాయలేదు. రోజుకు నాలుగైదు కప్పులు తాగేవారిలో దడ, చేతుల వణుకు, నిద్రలేమి ఆందోళన జబ్బులాగే కనిపిస్తాయి. రోజుకు రెండు కప్పులకు మించకుండా, భోజనానికి గంట ముందు, గంట తరువాత లేకుండా చూసుకోండి. భోజనంతోపాటు తాగితే ఆహారంలోని ఇనుము సరిగా ఒంటికి పట్టదు.

కుంగుబాటులో ఆకలి చచ్చిపోతుంది, వంట చేసే ఓపిక ఉండదు. కాబట్టి 'సరిగా తినకపోవడం వల్లే నీకిది వచ్చింది' అని ఇంట్లో ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టకూడదు. ఈ మాట మీ వారికి కూడా చదివి వినిపించండి.

మీరు రాయకపోయినా ఒకటి అడగవలసిన బాధ్యత నాకుంది. ఎందుకీ బతుకు అన్న ఆలోచన ఎప్పుడైనా వస్తోందా? వస్తే దాచుకోకండి, ఇంట్లో ఒకరికి చెప్పి, ఆ మాత్రలు వారి దగ్గర ఉంచి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

చూడకుండా ఇచ్చే సలహాకు హద్దులున్నాయి, పరీక్షించిన డాక్టరు మాటే మీకు ప్రమాణం. ఈ వారంలోనే మీ ఫిజీషియన్‌ను, ఆ తరువాత సైకియాట్రిస్టును కలవండి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనూ మానసిక వైద్య విభాగం ఉంది. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, కత్తిరించిన ముక్కలతో సహా, ఒక కవరులో వేసుకుని తీసుకెళ్లండి.

— జనరల్ ఫిజీషియన్, విజయవాడ