నాలుక బయటికి వస్తున్నా తీగ బిగుతుగా ఉండొచ్చు

నాలుక కింది తీగ (నాలుకను నోటి అడుగుకి కలిపే సన్నని పొర) బిగుతుగా ఉందేమో అనిపిస్తోందమ్మా. 3 వారాల పాప తాగేటప్పుడు టక్ టక్ శబ్దం, మీకు చనుమొన నొప్పి అని రాశారు. నాలుక బయటికి వస్తోంది కాబట్టి ఫర్వాలేదు అని మీకెవరో అన్నారట, కానీ అది చాలదు. పాలు తాగడానికి నాలుక పైకి లేవాలి. చాలామంది చూడకుండా వదిలేసేది ఇదే. మీరే ఇలా చూడండి:

1. చేతులు సబ్బుతో కడుక్కుని, గోళ్లు కత్తిరించుకుని, పాపను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టండి. తల మీ పొట్ట వైపు ఉండాలి.

2. చూపుడు వేలిని నాలుక కింద ఒక పక్క నుంచి రెండో పక్కకి మెల్లగా జరపండి. నున్నగా జారితే మంచిదే. మధ్యలో బిగిసిన దారంలా, గట్టులా అడ్డం తగిలితే డాక్టర్‌కి అదే చెప్పండి.

3. ఏడ్చేటప్పుడు చూడండి: నాలుక మధ్యలో కిందికి లాగినట్టు ఉండి, అంచులే లేస్తున్నాయా?

4. పాప వదిలిన వెంటనే చనుమొన కొత్త లిప్‌స్టిక్ కొనలా ఏటవాలుగా నొక్కుకుపోయిందా? ఇవి కనిపించినా డాక్టర్‌కి చెప్పండి.

తీగ బిగుతుగా ఉన్నంత మాత్రాన కత్తిరించక్కర్లేదు. ముందు లాక్టేషన్ కన్సల్టెంట్‌ని (తల్లిపాలు పట్టడంలో సాయం చేసే నిపుణురాలిని) ఒక ఫీడింగ్ మొత్తం పక్కన కూర్చుని చూడమనండి, పాప రొమ్ము పట్టుకునే తీరు సరిచేస్తేనే కొందరికి తగ్గిపోతుంది. రోజుకి 6 కంటే తక్కువసార్లు ఉచ్చ పోస్తున్నా, బరువు పెరగకపోయినా మాత్రం ఆగకండి, ఈరోజే పిల్లల డాక్టర్‌కి చూపించండి.