గర్వం మాటున దాచుకున్న భయం: సైనికుడి తల్లికి గుండెదడ

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 51 ఏళ్లు. మా అబ్బాయి సైన్యంలో చేరి మూడేళ్లయింది. ఏడు నెలలుగా మంచు కొండల్లో, చాలా ఎత్తున ఉన్న శిబిరంలో పనిచేస్తున్నాడు. వాడిని యూనిఫాంలో చూస్తే నా గుండె ఉప్పొంగుతుంది. కానీ వేళకాని వేళ ఫోన్ మోగితే చాలు, చెమటలు పట్టి గుండె దడదడ కొట్టుకుంటుంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. వార్తలు చూడకుండా ఉండలేను, చూసి తట్టుకోలేను. మొన్న క్లినిక్‌లో బీపీ 152/94 వచ్చింది. తెలిసినావిడ ఇచ్చిన నిద్రమాత్రను పది రోజులుగా వేసుకుంటున్నాను. అంత ఎత్తులో వాడికి ఊపిరి సరిగా ఆడుతోందో లేదోనన్నది మరో బెంగ. అందరూ నన్ను ధైర్యవంతురాలినంటారు. అందుకే ఈ భయాన్ని మా వారికి కూడా చెప్పుకోలేదు. నాది గుండెజబ్బా? పిరికితనమా? (ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీరు చివర అడిగిన మాటకే ముందుగా జవాబు చెబుతాను. మీది పిరికితనం కాదు. గుండెజబ్బు ఉందో లేదో ఉత్తరం చదివి తేల్చడం ఏ వైద్యుడికీ సాధ్యం కాదు గనుక, దాన్ని ఎలా తేల్చుకోవాలో కింద వివరంగా రాస్తున్నాను. అయితే మీరు చెప్పిన లక్షణాలన్నిటినీ కలిపి చూసినప్పుడు, నెలల తరబడి తెరిపి లేని ఆందోళన మీ శరీరాన్ని అలసగొట్టిందని నాకు బలంగా అనిపిస్తున్నది.

అపాయం ఎదురైందని మెదడుకు తోచగానే అడ్రినలిన్ అనే హార్మోను రక్తంలోకి విడుదలవుతుంది. దాని ప్రభావంతో గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, నిద్ర దూరమవుతుంది. అపాయం తొలగిపోయిందని రూఢి అయ్యాక ఇవన్నీ వాటంతట అవే సద్దుమణగాలి. మీ విషయంలో ఇబ్బంది ఇక్కడే వచ్చింది. మీరు భయపడుతున్న అపాయం కంటికి కనిపించేది కాదు, అది తొలగిందని చెప్పగలిగేవారూ లేరు. "బాగానే ఉన్నానమ్మా" అని అబ్బాయి చెప్పిన మాట ఆ క్షణానికి మాత్రమే చెల్లుతుంది, ఫోన్ పెట్టేసిన మరుక్షణం నుంచి మళ్లీ ఏమీ తెలియని సమయం మొదలవుతుంది. శిబిరంలో మీ అబ్బాయికి కాపలా వంతు ముగిసే వేళ ఒకటుంటుంది, మరొకరు వచ్చి ఆ చోట నిలబడతారు. ఇంట్లో మీరు కాస్తున్న కాపలాకు వంతు మార్చే మనిషి ఇంతవరకు లేరు. ఫోన్ ద్వారా ఏ దుర్వార్తా రాకపోయినా, ప్రతిసారీ అదే వస్తుందేమోనని ఎదురుచూడడం వల్ల మీ మెదడు ఆ మోతనే అపాయ సూచనగా నేర్చుకున్నది. నేర్చుకున్నదాన్ని మాన్పించవచ్చు, దానికి కొన్ని వారాలు పడుతుంది.

1871లో జాకబ్ మెండిస్ డా కోస్టా అనే అమెరికా వైద్యుడు, తమ అంతర్యుద్ధంలో పాల్గొన్న సైనికులలో గుండెదడ, ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నవారిని పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించారు. వారిలో చాలామంది గుండెలో కంటికి కనిపించే లోపం ఏదీ లేదు, అయినా వారి బాధ నిజమైనది. ఆ స్థితికి తర్వాత 'సైనికుడి గుండె' అన్న పేరు కూడా వచ్చింది. ఇంటి దగ్గర ఎదురుచూసే తల్లిదండ్రుల గుండెను కూడా అంతే శ్రద్ధతో పరీక్షించవలసి ఉన్నదని, ఇలాంటి ఉత్తరం చదివిన ప్రతిసారీ నాకు అనిపిస్తుంది.

అయినా అంతటినీ ఆందోళన ఖాతాలో వేసి ఊరుకోవడం ప్రమాదం. మీ వయసులో బహిష్టులు ఆగిపోయే దశ వల్ల కూడా ఒంట్లో ఆవిర్లు, చెమటలు, గుండెదడ, రాత్రి మెలకువలు వస్తాయి. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినా, రక్తహీనత ఉన్నా, గుండె లయ తప్పుతున్నా, ఉబ్బసానికి వాడే కొన్ని ఇన్‌హేలర్లు గాని జలుబు మందులు గాని వాడుతున్నా లక్షణాలు అచ్చం ఇలాగే ఉంటాయి. కాబట్టి ఈ వారంలోనే ఫిజీషియన్‌ను కలిసి ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్, రక్తంలో చక్కెర పరీక్షలు చేయించుకోండి. దడ వచ్చిపోతూ ఉండి మామూలు ఈసీజీలో దొరకకపోతే, 24 గంటలపాటు గుండె లయను నమోదు చేసే హోల్టర్ పరీక్షను వైద్యులు సూచించవచ్చు.

ఛాతీలో బరువు పెట్టినట్లు నొప్పి వచ్చి చేతికో దవడకో పాకినా, స్పృహ తప్పినా, కదలకుండా కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా, అది బెంగే అనుకుని ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి. తీవ్రమైన మానసిక ఆఘాతం తర్వాత గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడే టకోట్సుబో అనే స్థితిని 1990లో జపాన్ వైద్యులు తొలిసారి వర్ణించారు. ఇది బహిష్టులు ఆగిపోయిన స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుంది, చూడడానికి గుండెపోటులాగే ఉంటుంది. సకాలంలో ఆసుపత్రికి చేరినవారిలో ఎక్కువమంది కొన్ని వారాలలో కోలుకుంటారు. మీకు అది ఉందని నేను అనడం లేదు. మనసు బాధకు గుండె నిజంగానే దెబ్బతినగలదు గనుక ఛాతీ నొప్పిని తేలికగా తీసుకోవద్దన్నదే నా ఉద్దేశం.

బీపీ విషయానికి వస్తే, ఒక్కసారి 152/94 వచ్చినంత మాత్రాన రక్తపోటు వ్యాధి ఉందని నిర్ధారించలేము. పైచేతికి పట్టీ కట్టే యంత్రంతో ఇంట్లోనే ఏడు రోజులపాటు ఉదయం, సాయంత్రం చూసుకుని రాసి పెట్టండి. ఐదు నిమిషాలు వీపు ఆన్చి, పాదాలు నేలకు ఆన్చి, మాట్లాడకుండా కూర్చున్న తర్వాత ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి, అంతకు ముందు అరగంటలో టీ, కాఫీలు తాగకూడదు. మొదటి రోజు అంకెలను వదిలేసి మిగిలినవాటి సగటు చూసినప్పుడు 135/85 గాని అంతకు మించి గాని ఉంటే చికిత్స గురించి వైద్యులతో మాట్లాడాలి. కారణం బెంగే అయినా, ఎక్కువగా ఉండిపోయిన రక్తపోటు రక్తనాళాలకు చేసే హాని తగ్గదు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఆ నిద్రమాత్ర. దాని పేరు మీరు రాయలేదు. సాధారణంగా ఇలా చేతులు మారే మాత్రలు అల్ప్రాజోలం వంటి మందులై ఉంటాయి. అవి మొదటి రాత్రులు హాయిగా నిద్ర పట్టిస్తాయి, కానీ కొద్ది వారాలలోనే శరీరం వాటికి అలవాటుపడి, అదే నిద్ర కోసం ఎక్కువ మోతాదు అడగడం మొదలుపెడుతుంది. మతిమరుపు, పగటి మత్తు, రాత్రిపూట లేచినప్పుడు తూలి పడడం వంటివి వయసు పెరిగేకొద్దీ ఎక్కువవుతాయి. వారాల తరబడి వాడిన తర్వాత ఉన్నట్టుండి మానేస్తే ఆందోళన రెట్టింపు కావచ్చు, కొందరిలో మూర్ఛ కూడా రావచ్చు. మోతాదు పెంచకుండా ఆ మాత్రల పట్టీని వైద్యుడికి చూపించి, ఎలా ఆపాలో ఆయన చెప్పినట్లు చేయండి. ఇచ్చినావిడ మీ మేలు కోరే ఇచ్చి ఉంటారు, అయినా ఒకరి మందు మరొకరికి పనికిరాదు.

నిద్రలేమికి మొదట చేయవలసిన చికిత్స అలవాట్లను సరిచేసుకోవడమేనని వైద్యశాస్త్రం ఇప్పుడు స్పష్టంగా చెబుతున్నది. రాత్రి ఎంత తక్కువ నిద్రపోయినా ఉదయం ఒకే వేళకు లేవండి. మూడింటికి మెలకువ వచ్చి ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టదనిపిస్తే, పడక మీద పొర్లకుండా లేచి మసక వెలుతురులో ఏదైనా చదువుతూ కూర్చుని, కళ్లు బరువెక్కాకే తిరిగి పడుకోండి. ఆ వేళ ఫోన్ తెరిచి వార్తలు వెతకడం మాత్రం వద్దు. మీ అబ్బాయి నంబరుకు, ఆయన యూనిట్ నుంచి వచ్చే నంబరుకు ప్రత్యేకమైన మోత పెట్టించి, రాత్రివేళ మిగిలిన ఫోన్లన్నిటినీ నిశ్శబ్దంలో ఉంచే వీలు ఇప్పటి ఫోన్లలో ఉన్నది. ఇంట్లో ఎవరితోనైనా అది చేయించుకుంటే, ప్రతి మోతకూ ఉలిక్కిపడవలసిన అవసరం తప్పుతుంది.

వార్తల గురించి ఒక పరిశోధన చెప్పాలి. 2013లో బోస్టన్ మారథాన్ పరుగు పందెంలో బాంబు పేలుళ్లు జరిగిన తర్వాతి వారంలో, వాటి వార్తలను రోజుకు ఆరు గంటలో అంతకన్నా ఎక్కువో చూసినవారిలో, పేలుళ్లు జరిగిన చోటనే ఉన్నవారి కంటే కూడా తీవ్రమైన ఒత్తిడి లక్షణాలు నమోదయ్యాయి. ఒకే దృశ్యాన్ని పదే పదే చూసినప్పుడు శరీరం ప్రతిసారీ కొత్తగా స్పందిస్తుంది. కనుక రోజుకు ఒక్కసారి, పగటిపూట, పావుగంట మాత్రమే వార్తలు చూడండి, వీలైతే చూడడం కన్నా చదవడం మేలు. చాలా దేశాల సైన్యాలలో, జరగరానిది జరిగితే ముందుగా కుటుంబానికి తెలియజేసి ఆ తర్వాతే పేరు బయటపెట్టే పద్ధతి ఉన్నది. మీరు టీవీ ముందు మేలుకుని ఉండడం వల్ల మీకు ముందుగా తెలిసేది ఏమీ ఉండదు. అబ్బాయి నుంచి రెండు మూడు రోజులు ఫోన్ రాకపోయినా సిగ్నల్ లేకనో, భద్రతా కారణాల వల్ల ఫోన్లకు అనుమతి లేకనో కావడమే ఎక్కువ.

ఎత్తు గురించిన మీ బెంగకు ఆధారం ఉన్నది. సుమారు 2,500 మీటర్లు దాటిన తర్వాత, శరీరం సర్దుకోకముందే పైకి వెళ్లినవారిలో తలనొప్పి, వాంతులు రావచ్చు, కొందరిలో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరవచ్చు. 5,500 మీటర్ల వద్ద గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు సగమే ఉంటుంది. అయితే శరీరానికి అలవాటుపడే శక్తి ఉన్నది. శ్వాస వేగం మొదటి గంటల నుంచే పెరుగుతుంది, వారాలు గడిచేకొద్దీ రక్తంలో ఎర్ర కణాల సంఖ్య పెరుగుతుంది. అందుకే ఎత్తైన చోట్లకు సైనికులను మధ్యలో ఆపుతూ అంచెలంచెలుగా చేరుస్తారు. ఈ జబ్బులు ఎక్కువగా పైకి చేరిన తొలి రోజుల్లోనే వస్తాయి, మీ అబ్బాయి ఆ దశను దాటి నెలలయింది. సెలవు మీద కిందికి దిగి తిరిగి వెళ్లినప్పుడు మాత్రం మళ్లీ మొదటి నుంచి అలవాటు పడాలి. తలనొప్పి, పొడి దగ్గు, మామూలు కంటే ఎక్కువ ఆయాసం వస్తే దాచకుండా యూనిట్ వైద్యుడికి వెంటనే చెప్పమని ఆయనకు ఒక్కసారి గట్టిగా చెప్పండి. యువకులు అలాంటి వాటిని ఓర్చుకోవడమే మగతనమని పొరబడుతుంటారు గనుక, తల్లి చెప్పిన ఆ ఒక్క మాట నిజంగా ఉపయోగపడుతుంది.

ఇక మీరు ఎవరికీ చెప్పుకోలేదన్న సంగతి. గర్వం ఉన్నచోట భయం ఉండకూడదని, భయం బయటపడితే గర్వం అబద్ధమవుతుందని మీరు అనుకుంటున్నట్లు తోస్తున్నది. బిడ్డ చేస్తున్న పని ఎంత పెద్దదో, అందులో ఎంత అపాయం ఉన్నదో తెలిసిన తల్లికి ఆ రెండూ ఒకే తెలివిడి నుంచి పుడతాయి. అపాయమే లేని పనైతే అంత గర్వమూ కలిగేది కాదు. నలుగురి మెప్పు మిమ్మల్ని ఒక విధంగా నోరు విప్పనివ్వకుండా చేసింది, వారు ఆ ఉద్దేశంతో మెచ్చుకోకపోయినా జరిగింది అదే. దాచిన భయం శరీరం ద్వారా బయటికి వస్తున్నది. మీ వారితో ఈ రాత్రే మాట్లాడండి. ఆయన నిశ్శబ్దంగా ఉన్నారంటే భయం లేదని కాదు. మగవారిలో ఇదే బెంగ చాలాసార్లు కోపంగా, మౌనంగా, మద్యంగా కనిపిస్తుంది.

అబ్బాయితో ఎంత చెప్పాలి? నా అభిప్రాయంలో, ఏడుస్తూ ఫోన్ చేయడమూ తగదు, ఏ దిగులూ లేనట్లు నటించడమూ తగదు. మీరు దాస్తున్నారని ఆయనకు తెలుస్తుంది, అప్పుడు ఆయన కూడా తన కష్టాన్ని మీ దగ్గర దాయడం మొదలుపెడతాడు. "బెంగగానే ఉంటుంది నాన్నా, కానీ ఇక్కడ మమ్మల్ని మేము చూసుకుంటున్నాం, నువ్వు నీ పని మీద దృష్టి పెట్టు" అన్న పాటి నిజం చాలు.

రోజూ సాయంత్రం ఒకే వేళకు ఇరవై నిమిషాలు బెంగ కోసమే కేటాయించండి. మనసులో ఉన్న భయాలన్నీ కాగితం మీద రాసి, వాటిలో మీరు ఏదైనా చేయగలిగినవాటికి గుర్తు పెట్టండి. మిగతా సమయంలో అదే ఆలోచన వస్తే, సాయంత్రం చూద్దామని పక్కన పెట్టండి. మొదట్లో కృత్రిమంగా అనిపించినా, పట్టుదలగా చేసినవారిలో బెంగ రోజంతా పరుచుకోవడం తగ్గుతుంది. దడ మొదలైనప్పుడు నిమిషానికి ఆరుసార్లు చొప్పున, పీల్చిన దానికంటే ఎక్కువసేపు వదులుతూ ఐదు నిమిషాలు ఊపిరి తీసుకోండి. రోజూ అరగంట చురుకుగా నడవండి.

ఆందోళన ఆరు నెలలకు పైగా దాదాపు ప్రతిరోజూ ఉండి, నిద్రను, పనులను దెబ్బతీస్తుంటే దాన్ని చికిత్స అవసరమైన స్థితిగా పరిగణిస్తాము, మీరు ఆ గడువు దాటారు. కాబట్టి పరీక్షల్లో గుండె, థైరాయిడ్ బాగున్నాయని తేలినా మానసిక వైద్య నిపుణులను ఒకసారి కలవండి. వారు ఏడు ప్రశ్నల చిన్న పత్రం ఇస్తారు, 21కి 10 గాని అంతకు మించి గాని వస్తే మరింత వివరంగా పరిశీలిస్తారు. ఆలోచనా ధోరణిని సరిదిద్దే కౌన్సెలింగ్ చాలామందికి సరిపోతుంది. మందు అవసరమైతే, నిద్రమాత్రలలా అలవాటుపడనివి ఉన్నాయి. అవి పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, వైద్యుడు చెప్పకుండా మధ్యలో ఆపకూడదు. బతుకు మీద విరక్తి గాని, చనిపోవాలన్న ఆలోచన గాని ఎప్పుడైనా వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

అబ్బాయి సెలవు మీద వచ్చినప్పుడు కూడా కొన్నాళ్లు మీకు నిద్ర పట్టకపోవచ్చు, తిరిగి వెళ్లే తేదీని లెక్కపెడుతూ కూర్చోవచ్చు. నెలల తరబడి అప్రమత్తంగా ఉన్న శరీరం ఒక్క రోజులో నెమ్మదించదు గనుక దానికి కంగారు పడవద్దు. అప్పటికి మీ బీపీ పట్టికలో కనీసం మూడు నాలుగు వారాల అంకెలు ఉండేలా చూసుకుని, ఆ కాగితంతో, వీలైతే మీ వారిని వెంటబెట్టుకుని వైద్యుడిని మరోసారి కలవండి.