టికెట్ కొనేముందు పాస్‌పోర్టు తెరవండి

సెలవులకు విదేశీ ప్రయాణం పెట్టుకున్న పాఠకులు కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల నుంచి పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. ఎక్కువమంది డబ్బు గురించే అడిగారు. డబ్బు దగ్గర పొరపాటైతే నాలుగైదు వేలతో పోతుంది. పాస్‌పోర్టులో తేడా ఉంటే మాత్రం టికెట్ డబ్బులతో పాటు ప్రయాణమే పోతుంది. అందుకే ఆ ప్రశ్నతో మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: మా అత్తగారి పాస్‌పోర్టులో పేరు ఒక్క మాటే ఉంది. ఇంటిపేరు గడి ఖాళీ. ఆమెను దుబాయ్ చూపించాలని అనుకుంటున్నాం. ఇబ్బంది ఉంటుందా? (కర్నూలు)

ఉంటుంది. పాస్‌పోర్టులో పేరంతా కలిపి ఒకే మాటగా ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబర్‌లో నిబంధన పెట్టింది. తర్వాత కొంత సడలించి, పాస్‌పోర్టు చివరి పేజీలో తండ్రి పేరో, కుటుంబం పేరో ఉంటే ఒప్పుకుంటామని చెప్పింది. ముందు ఆ పేజీ చూడండి. అక్కడ తండ్రి పేరు ఉంటే, వీసాకు దరఖాస్తు పెట్టేటప్పుడే ఏజెంటుకు ఆ పేజీ కాపీ కూడా ఇవ్వండి. విమానం కంపెనీ వాళ్లను కూడా ముందే అడగండి. ఎందుకంటే ఇలాంటి పేర్లను ఆపేది దుబాయ్‌లో కాదు, ఇక్కడి చెక్-ఇన్ కౌంటర్‌లోనే.

వ్యవధి ఉంటే పాస్‌పోర్టును రీఇష్యూ చేయించి ఇంటిపేరు చేర్పించడమే శాశ్వతమైన దారి. 36 పేజీల పాస్‌పోర్టుకు ఫీజు రూ. 1,500. తత్కాల్ అయితే మరో రూ. 2,000. కర్నూలు పోస్టాఫీసులోని పాస్‌పోర్టు కేంద్రంలోనే పని అవుతుంది. పేరు మార్పు కాబట్టి పోలీసు విచారణ ఉండొచ్చు. రెండు నెలలు చేతిలో ఉంచుకోండి. ఆధార్‌లో, పాన్‌లో పేరు ఎలా ఉందో పాస్‌పోర్టులోనూ అలాగే ఉండేలా చూసుకోండి.

ఇంట్లో మిగతావాళ్ల పాస్‌పోర్టులూ తీసి గడువు తేదీ చూడండి. యూఏఈ, సింగపూర్, మలేసియా, ఇండోనేసియా, శ్రీలంక వంటి దేశాలకు మీరు దిగే రోజు నుంచి కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్లకే అయిపోతుంది. చాలా కుటుంబాలు చిక్కుకునేది ఇక్కడే. టికెట్ మీద పేరు మనం పిలుచుకునేది కాకుండా పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు రాయించండి. మన ఇంటిపేర్లు పొడవని పొడి అక్షరాలకు కుదిస్తే కౌంటర్‌లో ఒప్పుకోరు.

ప్రశ్న: మేము నలుగురం థాయిలాండ్, మలేసియా వెళ్తున్నాం. టికెట్లు, హోటళ్లు కట్టేశాం. అక్కడి ఖర్చుకు సుమారు లక్షన్నర అనుకున్నాం. నగదు ఎంత, కార్డు ఎంత? డబ్బు ఎక్కడ మార్చుకోవాలి? (అనంతపురం)

మూడోవంతు నగదుగా, మిగతాది ఫారెక్స్ కార్డులో (విదేశీ కరెన్సీ ముందే వేయించుకునే కార్డు) పెట్టుకోండి. ఒక క్రెడిట్ కార్డును వేరుగా, అవసరానికి దాచుకోండి. థాయిలాండ్‌లో రోడ్డు పక్క తిండికి, టుక్‌టుక్‌కు, పడవకు నగదే కావాలి. మాల్స్‌లో, పెద్ద హోటళ్లలో కార్డు నడుస్తుంది.

ముందు నగదు సంగతి. ఒక మనిషి ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ వరకు విదేశీ నోట్లు తీసుకోవచ్చు. మీకు అంత అవసరం పడదు. మనూళ్లలో చిన్న బ్యాంకు శాఖలు బాట్లు (థాయిలాండ్ డబ్బు), రింగిట్లు (మలేసియా డబ్బు) నిల్వ ఉంచవు. కాబట్టి నాలుగైదు రోజులు ముందే చెప్పి తెప్పించుకోవాలి. లేదా బెంగళూరులో లైసెన్సు ఉన్న మనీ ఛేంజర్ దగ్గర మార్చుకోవచ్చు. పాస్‌పోర్టు, పాన్, టికెట్ కాపీలు తీసుకెళ్లండి, ఏ2 ఫారం (విదేశీ కరెన్సీ కొనడానికి ఇచ్చే దరఖాస్తు) నింపాలి. రూ. 50,000 దాటితే రూపాయలను నగదుగా తీసుకోరు, ఖాతా నుంచి పంపాలి. విమానాశ్రయంలోని కౌంటర్ రేటు మామూలుగా అన్నిటికన్నా ఖరీదు. దాన్ని ఆఖరి దారిగానే పెట్టుకోండి.

రేటు అడిగేటప్పుడు 'బాటు ఎంత' అని అడిగి ఊరుకోవద్దు. 'అన్నీ కలిపి నేను రూ. 50,000 కడితే చేతికి ఎన్ని బాట్లు వస్తాయి' అని ముగ్గురిని అడగండి. రేటులో తగ్గించి సర్వీసు ఛార్జీలో లాగేవాళ్లుంటారు. పన్ను పేరుతో ఎక్కువ చెబితే ఈ లెక్క గుర్తుంచుకోండి: లక్ష రూపాయల వరకు మార్పిడిలో ఒక శాతాన్ని సేవా విలువగా తీసుకుని, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తారు. అంటే లక్షకు రూ. 180 మాత్రమే. చిన్న మొత్తాలకు కనీసం రూ. 45.

ఫారెక్స్ కార్డు తీసుకునేటప్పుడు ఆ కార్డులో మీరు వెళ్లే దేశం కరెన్సీ ఉందో లేదో చూడండి. డాలర్లు వేయించుకుని బాట్లలో ఖర్చు పెడితే మార్పిడి రుసుము ఇంకోసారి పడుతుంది. మామూలు డెబిట్, క్రెడిట్ కార్డులకు విదేశీ మార్కప్ (కరెన్సీ మార్పిడి మీద బ్యాంకు వేసే అదనపు రుసుము) చాలావాటికి 3.5 శాతం వరకు, దాని మీద జీఎస్టీ ఉంటుంది. లక్ష ఖర్చుకు రూ. 3,500, జీఎస్టీ రూ. 630, మొత్తం రూ. 4,130 అదనం. మార్కప్ లేని కార్డులు కూడా కొన్ని బ్యాంకులు ఇస్తున్నాయి. వెళ్లే ముందు మీ కార్డు ఏ రకమో బ్యాంకులో అడగండి.

అక్కడ డబ్బు ఎక్కువగా కారిపోయేది ఒక చిన్న ప్రశ్న దగ్గర. దుకాణంలో కార్డు పెట్టగానే మిషన్ మీద 'రూపాయల్లో కడతారా, బాట్లలోనా' అని వస్తుంది. రూపాయలు కనిపించగానే మనసు అటే లాగుతుంది. ఎప్పుడూ స్థానిక కరెన్సీనే నొక్కండి. రూపాయలు నొక్కితే దుకాణం తరఫు కంపెనీ తనకు నచ్చిన రేటు వేస్తుంది. ఏటీఎంలోనూ ఇదే ప్రశ్న వస్తుంది. థాయిలాండ్ ఏటీఎంలు విదేశీ కార్డు మీద ప్రతిసారీ విడిగా రుసుము తీసుకుంటాయి, కాబట్టి రోజూ కొంచెం కొంచెం తీయడం దండగ. క్రెడిట్ కార్డుతో నగదు అసలు తీయొద్దు, వడ్డీ ఆ రోజు నుంచే మొదలవుతుంది.

హోటల్ వాళ్లు డిపాజిట్ అడిగితే ఫారెక్స్ కార్డు ఇవ్వకండి. వాళ్లు బ్లాక్ చేసిన సొమ్ము వదలడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది, అన్నాళ్లూ మీ డబ్బు మీకు అందదు. అక్కడ క్రెడిట్ కార్డు ఇవ్వండి.

బయల్దేరే ముందు చేయాల్సినవి రెండు. 2020 అక్టోబర్ నుంచి మన కార్డులు దేశంలో మాత్రమే నడిచేలా వస్తున్నాయి. బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకాన్ని మీరే ఆన్ చేసి పరిమితి పెట్టుకోవాలి. బ్యాంకు ఓటీపీ అందాలంటే మన సిమ్‌లో రోమింగ్ ఆన్ అయ్యుండాలి, దాన్ని ఇక్కడే చేయించండి. కార్డులన్నీ ఒకే పర్సులో వద్దు, ఇంట్లో ఇద్దరి దగ్గర విడివిడిగా ఉండాలి. ఇటువంటి చిన్న జాగ్రత్తే పర్సు పోయిన రోజు మిమ్మల్ని నిలబెడుతుంది.

రెండు దేశాలకూ దిగడానికి ముందు మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. రెండూ ఉచితం. వాటికి డబ్బు అడిగే సైట్లు ప్రభుత్వానివి కావు.

ప్రశ్న: టూర్ ప్యాకేజీ రూ. 6,40,000 అన్నారు. దాని మీద టీసీఎస్ అని మళ్లీ అడుగుతున్నారు. ఇది కట్టాలా? తిరిగి వస్తుందా? (కడప)

కట్టాలి, వెనక్కి వస్తుంది. టీసీఎస్ అంటే ప్యాకేజీ అమ్మేవాళ్లు మన దగ్గర ముందే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను. విదేశీ టూర్ ప్యాకేజీ మీద టీసీఎస్ మొన్నటివరకు పది లక్షల దాకా 5 శాతం, ఆ పైన 20 శాతంగా ఉండేది. 2026 ఏప్రిల్ 1 నుంచి మొత్తం ఎంతైనా 2 శాతం. మీ ప్యాకేజీకి రూ. 12,800 అవుతుంది. దీంతోపాటు వేసే 5 శాతం జీఎస్టీ వేరు, అది తిరిగి రాదు. బిల్లులో రెండూ విడివిడిగా రాయించుకోండి.

ఎవరి పాన్ మీద బిల్లు చేస్తారన్నదే ముఖ్యం. టీసీఎస్ ఆ పాన్‌లోనే జమ అవుతుంది. రిటర్న్ వేయని నాన్నగారి పేరు మీద బిల్లు చేయించి, రీఫండ్ రాలేదని ఏడాది తర్వాత తిరిగేవాళ్లు ఉన్నారు. ఇంట్లో క్రమం తప్పకుండా రిటర్న్ వేసేవాళ్ల పాన్ ఇవ్వండి. జీతం వాళ్లు ఆఫీసులో టీసీఎస్ వివరాలిస్తే నెలనెలా కోసే టీడీఎస్‌లో అంతమేర సర్దుతారు. రిటర్న్ వేసేముందు ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ మీద జమైన పన్నుల పట్టికలో ఆ మొత్తం కనిపిస్తుందో లేదో చూసుకోండి. కనిపించకపోతే ఏజెంటు మీ దగ్గర తీసుకున్నది ప్రభుత్వానికి కట్టలేదో, మీ పాన్ మీద చూపలేదో, వెంటనే అడగాలి.

డబ్బంతా నగదుగా ఇస్తే తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. ఒకే వ్యవహారంలో రెండు లక్షలు, ఆ పైన నగదు తీసుకోవడం చట్టవిరుద్ధం, పైగా టూర్ రద్దయితే మీ చేతిలో ఆధారం ఉండదు.

ప్రశ్న: మాది చీనీ (బత్తాయి) తోట. వ్యవసాయ ఆదాయమే, ఎప్పుడూ ఐటీ రిటర్న్ వేయలేదు. యూరప్ వీసాకు ఇబ్బందా? (అనంతపురం జిల్లా)

వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి రిటర్న్ లేకపోవడం తప్పు కాదు. కానీ ఆ సంగతి వీసా అధికారికి కాగితాలే చెప్పాలి. పట్టాదారు పాసుపుస్తకం, 1బీ, అడంగల్ (భూమి, పంట రికార్డులు), మార్కెట్ యార్డు అమ్మకం చీటీలు, తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం జతచేసి, ఆంగ్లంలో ఒక వివరణ లేఖ పెట్టండి. అమ్మకం సొమ్ము ఖాతాలోకి వచ్చిన తేదీలు ఆ చీటీలతో సరిపోవాలి. బ్యాంకు స్టేట్‌మెంట్ ఆరు నెలలది సిద్ధంగా ఉంచండి.

చాలా దరఖాస్తులు దెబ్బతినేది ఒకే చోట. దరఖాస్తుకు వారం ముందు బంధువుల దగ్గర అయిదారు లక్షలు తెచ్చి ఖాతాలో వేస్తారు. నిల్వ ఎంతుందనే దానికన్నా అది ఎలా వచ్చిందనేదే వాళ్లు చూస్తారు. ఎక్కడినుంచి వచ్చిందో చూపించలేని సొమ్ము ఖాతాలో ఉండటం కన్నా తక్కువ నిల్వే నయం.

షెంజెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా) ఫీజు పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఇంకొకటి: విదేశీ ప్రయాణానికి ఏడాదిలో రెండు లక్షలకు మించి ఖర్చు చేసినవాళ్లు ఆదాయం ఎంతైనా రిటర్న్ వేయాలని చట్టం చెబుతోంది. కాబట్టి మీ ఖర్చు అది దాటితే వచ్చే ఏడాది మీరూ వేయాలి. వ్యవసాయ ఆదాయాన్ని మినహాయింపు కిందే చూపిస్తారు, భయపడాల్సిన పని లేదు.

ప్రశ్న: దుబాయ్‌లో బంగారం కొంటే లాభమంటున్నారు. ఆడవాళ్లు 40 గ్రాములు తెచ్చుకోవచ్చట కదా? (ప్రొద్దుటూరు)

ఏడాదికి పైగా విదేశంలో ఉండి తిరిగొచ్చేవాళ్లకే ఆ మినహాయింపు: ఆడవాళ్లకు 40 గ్రాములు, మగవాళ్లకు 20 గ్రాములు, అదీ నగల రూపంలోనే. వారం రోజుల టూరుకు వెళ్లినవాళ్లకు వర్తించదు. 2026 ఫిబ్రవరి నుంచి మామూలు సామానుకు సుంకం లేని పరిమితి మనిషికి రూ. 75,000. బిస్కెట్లు, నాణేలు అందులోకి రావు. ఒకరి పరిమితిని ఇంకొకరితో కలపడానికీ వీల్లేదు. కొన్నది ఉంటే విమానాశ్రయంలో రెడ్ ఛానల్‌లోకి (సుంకం కట్టాల్సినవాళ్ల దారి) వెళ్లి చెప్పి సుంకం కట్టండి. దాచి దొరికితే బంగారం పోతుంది, జరిమానా పడుతుంది, కేసు కూడా అవుతుంది. ప్రొద్దుటూరు బజారులో బేరమాడి కొన్నదానికీ, సుంకం కట్టి దుబాయ్ నుంచి తెచ్చినదానికీ మజూరీతో కలిపి లెక్క వేసుకోండి, మిగిలేది మీకే తెలుస్తుంది.

ఇక్కడినుంచి వేసుకెళ్లే నగల గురించి ఎవరూ అడగలేదు గానీ అది ఇంకా ముఖ్యం. పెళ్లిళ్లకు వేసుకునే భారీ నగలు తీసుకెళ్లవద్దనే మా సలహా. తప్పనిసరైతే తూకం రాసిన బిల్లులు, ఫొటోలు పట్టుకుని, వెళ్లేటప్పుడే విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. తిరిగొచ్చేటప్పుడు అవి అక్కడ కొన్నవి కాదనడానికి అదే ఆధారం.

ప్రశ్న: పచ్చళ్లు, పొడులు, అమ్మానాన్నల మందులు తీసుకెళ్లొచ్చా? (ఆదోని)

నూనె పచ్చళ్లు చేతి సంచిలో వద్దు, చెక్-ఇన్ పెట్టెలో గట్టిగా సీలు వేసి పెట్టండి. మాంసం పచ్చళ్లు ఏ దేశానికీ వద్దు. సెనక్కాయల పొడి, కారం పొడి పెట్టెలో పర్వాలేదు. ఎండుకొబ్బరి చిప్పలు పెట్టెలో పెడితే తీసేస్తారు. నూనె ఎక్కువ కాబట్టి వేడికి అంటుకునే వస్తువుల జాబితాలో అది ఉంది.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది గసాల (గసగసాల) దగ్గర. మన మసాలా పొడుల్లో గసాలు వేస్తాం. యూఏఈలో, సింగపూర్‌లో అవి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. గసాలు కలిసిన ఏ పొడీ అక్కడికి తీసుకెళ్లకండి. ఇంట్లో దంచిన మసాలాలో ఏం వేశారో పెద్దవాళ్లను అడిగి మరీ పెట్టెలో పెట్టండి.

బీపీ, షుగరు మాత్రలు విడిగా పోసిన డబ్బాల్లో కాకుండా అసలు స్ట్రిప్పులతో, డాక్టరు చీటీతో, చేతి సంచిలోనే ఉండాలి. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులకు యూఏఈలో ముందస్తు అనుమతి కావాలి, సింగపూర్‌కైతే అక్కడి నిబంధన ముందే చూసుకోండి. బీమా తీసుకునేటప్పుడు పాత జబ్బులు దాచొద్దు, దాస్తే క్లెయిము పోయేది అక్కడే. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే. 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్-అవర్లు, వంద లోపు కాబట్టి అనుమతిస్తారు.

ప్రశ్న: ఏ విమానాశ్రయం మేలు? (గుంతకల్లు)

అనంతపురం వైపు వాళ్లకు బెంగళూరు, కర్నూలు వైపు వాళ్లకు శంషాబాద్. రెండూ 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా, ఊళ్లోకి వెళ్లకుండానే చేరుకోవచ్చు. బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి ఆ ఊరికి మన వైపునే ఉంది, శంషాబాద్ కూడా హైదరాబాద్‌కు మన వైపే. గుంతకల్లు నుంచి మాత్రం దూరం కన్నా టికెట్ ధరనే చూసి ఎంచుకోండి. బెంగళూరులో విదేశీ విమానాలు రెండో టెర్మినల్ నుంచి వెళ్తాయి, డ్రైవరుకు ముందే చెప్పండి. విమానానికి మూడు గంటల ముందు అక్కడ ఉండాలి. నగల సర్టిఫికెట్ పని ఉంటే ఇంకో గంట కలుపుకోండి.