గని దిగినవాడే, ప్రపంచ విజేత

ప్రశ్న: మా నాన్న సింగరేణిలో చేస్తారు. నాకు ముప్పై దాటాయి. స్నూకర్ బాగా ఆడతాను. వేల్స్ ఆటగాడు రే రియర్డన్ కూడా బొగ్గుగని కార్మికుడేనట. ఆయనలా నేనూ ఉద్యోగం మానేసి ఆటలోకి దిగొచ్చా?
– ఓ పాఠకుడు, గోదావరిఖని

జవాబు: గని మాట నిజమే తమ్ముడూ. ట్రెడెగర్‌లో 1932లో పుట్టిన రియర్డన్ పద్నాలుగేళ్లకే గనిలో చేరాడు. వేళ్లు పాడవకుండా తెల్ల గ్లౌజులు తొడుక్కుని పనిచేసేవాడు. మీ నాన్నగారికి చెప్పి చూడు, బొగ్గుబాయిలో తెల్ల గ్లౌజులేంట్రా అని నవ్వకపోతే అడుగు! ఒకసారి పైకప్పు కూలి మూడు గంటలు కూరుకుపోయాడు. కదలడానికి లేదు. తమ్ముడితో గోళీలాడుతున్నట్టు మనసులోనే ఊహించుకుంటూ గడిపాడు. తర్వాత టేబుల్ ముందు ఆయనకు టెన్షన్ ఏముంటుంది?

గని వదిలి పోలీసయ్యాడు. 1967లో ప్రొఫెషనల్‌గా మారాడు. 1970లో ప్రపంచ టైటిల్, 1973 నుంచి 76 దాకా వరసగా నాలుగు, 1978లో నలభై ఐదేళ్ల వయసులో ఆరోది.

అయితే నువ్వు అడగని సంగతొకటుంది. యూనిఫాం విప్పేనాటికే ఆయన వేల్స్ అమెచ్యూర్ టైటిల్ ఆరుసార్లు, 1964లో ఇంగ్లిష్ అమెచ్యూర్ టైటిల్ గెలిచి ఉన్నాడు. నువ్వు ముందు రాష్ట్ర పోటీలో పేరివ్వు. ఖనిలో దోస్తులను ఓడించడం లెక్కలోకి రాదు. రాజీనామా సంగతి ఆ తర్వాత రాయి, చూద్దాం.