మూడో డాలర్ స్టోర్‌కు అనుమతి ఇవ్వాలా?

ప్రశ్న: మేం అమెరికాలోని ఒక చిన్న పట్టణంలో ఉంటున్నాం. మా పేటలో ఇప్పటికే రెండు డాలర్ స్టోర్లు (రోజువారీ సరుకులను తక్కువ ధరకు అమ్మే గొలుసు దుకాణాలు) ఉన్నాయి, ఇప్పుడు మూడో దానికి అనుమతి అడుగుతున్నారు. ఉన్న ఒక్క కిరాణా దుకాణం కూడా మూతపడుతుందని కొందరు వ్యతిరేకిస్తున్నారు. చౌకగా సరుకులు దొరకడం పేదవాళ్లకు మేలే కదా? సిటీ కౌన్సిల్ జరిపే బహిరంగ విచారణలో నేను ఏ పక్షాన మాట్లాడాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ సందేహం సహేతుకమైనదే. ఈ దుకాణాలను తప్పుపట్టేవారిలో చాలామంది అక్కడ కొనేవాళ్ల అవసరాన్ని లెక్కలోకి తీసుకోరు. కారు లేని కుటుంబానికి నడిచి వెళ్లే దూరంలో సబ్బులు, డైపర్లు, పాలు దొరకడం చిన్న విషయం కాదు. 1955లో కెంటకీ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మొదటి దుకాణం తెరిచిన డాలర్ జనరల్ అనే ఇలాంటి దుకాణాల సంస్థ నేడు 20,000కు పైగా దుకాణాలకు విస్తరించిందంటే, లాభం రాదని పెద్ద సూపర్‌మార్కెట్లు పట్టించుకోని పల్లెలకు వెళ్లడమే అందుకు ముఖ్య కారణం.

అయితే చౌక అన్న మాటను కాస్త పరిశీలించాలి. అక్కడ ధర తక్కువగా కనిపించడానికి చాలాసార్లు ప్యాకెట్ చిన్నది కావడమే కారణం. 16 ఔన్సుల పాల డబ్బాను 1.25 డాలర్లకు కొన్నారనుకోండి. గ్యాలన్‌కు 128 ఔన్సులు కనుక, ఆ లెక్కన గ్యాలన్ పాలకు 10 డాలర్లు పెట్టినట్లవుతుంది. సూపర్‌మార్కెట్లో అది సాధారణంగా అందులో సగం కంటే తక్కువకే వస్తుంది. ఈ సంగతి కొనేవాళ్లకు తెలియదని కాదు. నెలాఖరున చేతిలో ఐదు డాలర్లే ఉన్నప్పుడు, పాలతోపాటు రొట్టె, సబ్బు కూడా కావాలంటే, చిన్న డబ్బా తప్ప వేరే దారి ఉండదు. డబ్బు తక్కువగా ఉన్నవాళ్లే ఔన్సుకు ఎక్కువ చెల్లించాల్సి రావడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం.

ఇక కిరాణా దుకాణం సంగతి. కూరగాయలు, మాంసం త్వరగా పాడవుతాయి. వాటిని చల్లగా ఉంచడానికి కరెంటు ఖర్చు, ఏరి సర్దడానికి మనుషులు కావాలి. వాటిపై మిగిలేది స్వల్పం. ఆ లోటును సబ్బులు, కాగితపు సామాను, డబ్బాల్లో నిల్వ ఉండే ఆహారం అమ్మగా వచ్చే ఆదాయం పూడుస్తుంది. డాలర్ స్టోర్ లాగేసుకునేది సరిగ్గా ఈ బేరాన్నే. అది తగ్గాక కిరాణా దుకాణం మూతపడితే, డాలర్ స్టోర్‌లో చాలావరకు దొరకని తాజా కూరగాయలు కూడా ఊరికి దూరమవుతాయి. డాలర్ స్టోర్ వచ్చిన చోట స్వతంత్ర కిరాణా దుకాణాలు మూతపడే అవకాశం పెరుగుతుందని, ఈ ప్రభావం పల్లెల్లో మరింత ఎక్కువని అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధనలోనూ తేలింది. ప్రతి మూతకూ ఇదే కారణమని అనలేం. జనాభా తగ్గిన ఊళ్లలో అంతకుముందే దెబ్బతిన్న దుకాణాలు ఎన్నో ఉన్నాయి.

ఓక్లహామా రాష్ట్రంలోని టల్సా నగరం అనుభవం మీకు పనికివస్తుంది. అక్కడ కౌన్సిల్ సభ్యురాలు వెనెసా హాల్-హార్పర్ చొరవతో 2018లో, నగరపు ఉత్తర భాగంలో కొత్తగా వచ్చే ఇలాంటి దుకాణాల మధ్య కనీసం మైలు దూరం ఉండాలన్న నిబంధన తెచ్చారు. ఆ నిబంధన ఒక్కటే కూరగాయలను తెచ్చిపెట్టలేదు. ప్రజాధనం తోడయ్యాకే 2021లో ఒయాసిస్ ఫ్రెష్ మార్కెట్ అనే కిరాణా దుకాణం అక్కడ తెరుచుకుంది. మరోవైపు, 2024లో ఫ్యామిలీ డాలర్ అనే మరో డాలర్ స్టోర్ గొలుసులోని దుకాణాలను దాదాపు వెయ్యి వరకు మూసివేస్తామని వాటి అప్పటి యాజమాన్య సంస్థ ప్రకటించింది. అటువంటి దుకాణాన్నే నమ్ముకున్న పేటకు అదీ లేకుండా పోయే ప్రమాదం ఉందని దీన్నిబట్టి అర్థమవుతుంది.

కనుక ఉన్న రెండు దుకాణాల జోలికి పోకుండా, మూడో దానికి ఇప్పటి రూపంలో అనుమతి వద్దని చెప్పండి. తాజా కూరగాయలకు ఎంత చోటు కేటాయిస్తారో, ఒక్కో షిఫ్టులో ఎంతమందిని పనిలో ఉంచుతారో అనుమతి పత్రంలోనే రాయమని కోరండి. కొత్త దుకాణానికి పన్ను రాయితీ ఏదైనా ఇవ్వజూపారేమో అడగండి. ఇచ్చి ఉంటే, అదే రాయితీ మీ కిరాణా దుకాణదారుకు ఎందుకు ఇవ్వరాదో సభలోనే జవాబు చెప్పమనండి. వీలైతే ఆ దుకాణదారునూ విచారణకు వెంట తీసుకువెళ్లండి.