పేర్చడమా, పేర్చడానికా?

సందేహం: ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు క్రియారూపాలు చెబుతూ, 'టు' వస్తే '-డానికి', 'ఇంగ్' వస్తే '-డం' అని కొండగుర్తు చెప్పాను. ఒక అమ్మాయి తెలుగు వ్యాసంలో 'బతుకమ్మ పేర్చడానికి నేర్చుకున్నాను' అని రాసింది. తప్పని తెలుస్తోంది గాని కారణం చెప్పలేకపోయాను. తెలుగులో తుమున్నర్థకం (ఇంగ్లీషు 'ఇన్ఫినిటివ్' వంటి క్రియారూపం) లేదా?
– ఒక ఉపాధ్యాయిని, హనుమకొండ

సమాధానం: మీ చెవి సరిగ్గానే పట్టుకుందమ్మా. తప్పు ఆ అమ్మాయిది కాదు, కొండగుర్తుది. ఇంగ్లీషులో 'లర్న్' అనే క్రియ తన వెనుక 'టు' రూపాన్ని కోరుతుంది. తెలుగు చూసేది వేరు: ఆ పని వాక్యంలో కర్మా, ప్రయోజనమా? ఏమి నేర్చుకుంది? పేర్చడం. ఎందుకు వెళ్లింది? తంగేడు పూలు కోయడానికి. ఆ పిల్ల అమ్మమ్మ 'పేర్చుడు' నేర్చుకున్నానని అంటుందే గాని, 'పేర్చేటందుకు' నేర్చుకున్నానని పొరపాటున కూడా అనదు. మన వరంగల్ పల్లెల్లో ఈ తేడా ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

'ఒప్పుకొను', 'నిరాకరించు' వంటివి 'దేనికి' అని అడుగుతాయి కాబట్టి వాటికి '-డానికి' సహజం.

మీ గుర్తు ఎక్కడ ప్రమాదమో 'మరచిపోవు' దగ్గర చూడండి. 'తాళం వేయడం మరచిపోయాను' అంటే ఇల్లు తెరిచే ఉంది. ఇంగ్లీషులో దీనికి 'టు' రూపం. వేసి కూడా గుర్తులేకపోతే అక్కడ 'ఇంగ్' రూపం. మనం 'తాళం వేసిన సంగతి మరచిపోయాను' అంటాం. కొండగుర్తును నమ్మి ఆ 'ఇంగ్' వాక్యాన్ని 'తాళం వేయడం మరచిపోయాను' అని మారిస్తే, తాళం వేసిన ఇల్లు కాస్తా తెరిచిన ఇల్లవుతుంది! 'టీ తాగడానికి ఆగాడు', 'టీ తాగడం మానేశాడు' వంటి జంటల్లో మాత్రం గుర్తు కుదురుతుంది. బహుశా అక్కడే మీకు నమ్మకం కలిగి ఉంటుంది.

ఇక తుమున్నర్థకం. సంస్కృతంలోని 'తుమున్' ప్రత్యయాన్ని బట్టి వచ్చిన పేరిది. తెలుగులో ఆ రూపం 'చేయ'. ఈనాడు విడిగా అరుదుగా కనిపిస్తుంది గాని చేయగలను, చేయలేను, చేయవచ్చు, చేయకూడదు, చేయబోయాను అన్నిటిలోనూ ఉన్నది అదే. 'చేయాలి' కూడా 'చేయవలె' నుంచి వచ్చిందే. ఇంగ్లీషులోనూ 'కెన్', 'మే' తర్వాత 'టు' రాదు కదా! 'చేయగలను', 'చేయవచ్చు' పక్కన ఆ రెండింటినీ బోర్డు మీద రాసి చూపించండి. పోలిక నిజంగా కుదిరే చోటు అదే.